25 నిమిషాల ఆడియో కథ, వారానికొకటి: ఎక్కడ కోయాలి?

మైకుముందు:
అందరికీ నమస్కారం. చాలాకాలంగా మనసులో ఉన్న పని ఒకటి మొదలుపెట్టబోతున్నాను. ముందే మీ చేత నాలుగు చీవాట్లు తినేస్తే మంచిదని ఇక్కడికి వచ్చాను.

సొంత కథలు, ఆడియోలో. 30 కథలకు ఔట్‌లైన్లు సిద్ధంగా ఉన్నాయి. ఒక్కోటి 25 నిమిషాలు. రెండు మూడు గొంతులు, ఒకటి నాది, మిగతావి స్నేహితులవి. నేపథ్య సంగీతం నేనే కీబోర్డు మీద చేస్తాను. ప్రతి కథకూ ఒక కవర్ బొమ్మ. వారానికొకటి విడుదల.

ఉద్యోగం ఉంది, ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. పాప పడుకున్నాక రోజుకు గంట, సెలవు రోజున ఇంకో గంటో గంటన్నరో దొరుకుతుంది. ఇంత పని నావల్ల కాదని నాకూ అనిపిస్తోంది. కానీ దేన్ని తీసేద్దామన్నా చేయి రావడం లేదు, అన్నీ అవసరమే అనిపిస్తున్నాయి. దయచేసి "ముందు మొదలుపెట్టండి, తర్వాత అదే తెలుస్తుంది" అని మాత్రం అనకండి.

శబ్దశుద్ధి:
అనను. లెక్క వేద్దాం.

కథ చెప్పే వేగం నిమిషానికి సుమారు వంద మాటలు అనుకుంటే 25 నిమిషాలకు 2,500 మాటల స్క్రిప్ట్ కావాలి. చిత్తుప్రతికి ఐదు గంటలు, పైకి చదువుకుంటూ దిద్దడానికి ఇంకో రెండు. రికార్డింగ్ ఎంత బాగా సాగినా గంట. గొంతులు మూడైతే ముగ్గురికీ ఒకేసారి తీరిక దొరకాలి, దానికి పట్టే టైమ్ ఏ లెక్కకూ అందదు, వదిలేద్దాం. ఎడిటింగ్ నా చేతికైతే ఒక నిమిషం ఆడియోకు నాలుగు నిమిషాలకు తక్కువ పట్టదు. ఊపిరి శబ్దాలు తగ్గించాలి, పెదాలు విడిపడేటప్పుడు వచ్చే టిక్‌మనే శబ్దం తీయాలి, ఒకే వాక్యానికి మూడు టేకులుంటే మూడూ వినాలి. అది గంటా నలభై నిమిషాలు. సంగీతం రెండు గంటలు, బొమ్మ రెండు గంటలు. ఎక్కించేముందు మొత్తం ఒకసారి వినడం, పరిచయం రాయడం కలిపి గంట.

14 గంటలు దాటింది. మీ చేతిలో ఉన్నవి ఎనిమిది, అవి కూడా పాపకు జలుబు చేయని వారంలో.

ఇంకో మాట. మీ దగ్గర ఎంత టైమ్ ఉందో అన్నీ సవ్యంగా సాగిన వారాన్ని చూసి చెప్పకండి. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేక, ఆఫీసు పని ఇంటికొచ్చిన వారాన్ని చూసి చెప్పండి. ఆ వారంలో మూడు గంటలే దొరికితే మీ పని మూడు గంటల్లో పట్టాలి. మిగిలిన వారాల్లో ఎక్కువ దొరికితే హాయిగా నిద్రపోండి.

అరఠావు:
సంగీతం తీసేయండి. కథకు గొంతు చాలు.

బొమ్మలబండి:
నేను యానిమేషన్ మనిషిని. సైజు అంటే ఏంటో మా పనిలో మొదటి రోజే తెలిసిపోతుంది. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకున్నా సెకనుకు 12 బొమ్మలు, నిమిషానికి 720. పది నిమిషాల సినిమా తీస్తానని బయల్దేరిన కుర్రాడు 7,200 బొమ్మలకు మాటిచ్చినట్టే, ఆ సంగతి వాడికి మూడో సెకను గీసేటప్పుడు గాని తెలియదు.

అందుకని అందరూ ముందు నిడివి తగ్గిస్తారు. అది చేయాల్సిందే, కానీ దానికంటే ఎక్కువ మిగిలేది ఇంకోచోట ఉంది. నా బొమ్మల్లో ఒక ముసలాయన ఉన్నాడు. మూతికి అడ్డంగా మఫ్లర్ చుట్టుకుని ఉంటాడు. ఎందుకంటే మాట్లాడే నోరు గీయడం నాకు చచ్చేంత పని: ప్రతి అక్షరానికీ పెదవులు మారాలి, అది ఆడియోతో కలవాలి. మఫ్లర్ చుట్టగానే నోరు లేదు. మాట్లాడుతున్నట్టు తెలియడానికి కనుబొమలు రెండు, మఫ్లర్ కొస ఒకటి కదిలిస్తే సరిపోతుంది. చూసినవాళ్లంతా "ఆ మఫ్లర్ తాత" అనే గుర్తు పెట్టుకున్నారు. పని ఎగ్గొట్టడానికి చుట్టిన గుడ్డ అది!

మీ కథల్లో కూడా అలాంటి మఫ్లర్ ఎక్కడ చుట్టొచ్చో చూడండి. మూడు గొంతులు కుదరవు కాబట్టి ఒక్క గొంతుతో చదివేస్తే వినేవాళ్లకు లోటు తెలుస్తుంది. అదే కథను ఒక మనిషి ఫోన్‌లో వదిలిన వాయిస్ మెసేజ్‌లాగా రాస్తే రెండో గొంతు లేదన్న ఆలోచనే రాదు.

ఎర్రసిరా:
క్షమించాలి, నాది వేరే అభిప్రాయం. ఈమధ్య ఎవరు ఏం చేస్తానన్నా "చిన్నది చెయ్, చిన్నది చెయ్" అనడం అలవాటైపోయింది. కొన్ని పనులు చిన్నవి చేస్తే ఆ పనులుగా మిగలవు. నవలను అరపేజీ చేస్తే అది నవల కాదు. 25 నిమిషాల కథలో వినేవాడు మొదటి ఐదు నిమిషాల్లో లోపలికి వస్తాడు, పదో నిమిషానికి పాత్రలు తనవాళ్లవుతారు. అదే కథను ఆరు నిమిషాలకు కుదిస్తే మిగిలేది జోకో, కొసమెరుపో. అందరూ కొసమెరుపు కథలే చేస్తే వినడానికి ఎవరూ మిగలరు.

మైకుముందు గారూ, మీకు పెద్ద కథ చెప్పాలని ఉంటే పెద్దదే చెప్పండి. ఏడాదికి రెండే చెప్పండి.

తక్కెడ:
ఎర్రసిరా గారు చెప్పినదాంట్లోనే సగం జవాబుంది. మనం మూడు వేర్వేరు సైజుల్ని కలిపేసి మాట్లాడుతున్నాం. రచన ఎంత పెద్దది, ఒకసారి కూర్చుంటే చేసే పని ఎంత, జనానికి ఇచ్చిన మాట ఎంత. నవల పెద్దదే ఉండొచ్చు, కూర్చునే పని చిన్నది కావొచ్చు. 19వ శతాబ్దపు ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ పోస్టల్ శాఖలో ఉద్యోగం చేస్తూ, వాచీ ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. అలా 47 నవలలు.

ఈ మూడింట్లో మనిషిని కుంగదీసేది మూడోది. "వారానికొకటి" అని ప్రకటించిన రోజునుంచి మీ పైన ఒక అప్పు మొదలవుతుంది. ఒక వారం తప్పితే రెండో వారం సంజాయిషీ రాయాలి, మూడో వారం సంజాయిషీ రాయడానికి సిగ్గేసి పేజీయే తెరవం. కథలు ఆగిపోవడానికి కథ కారణం కాదు, ఆ సిగ్గు.

అంచనాల గురించి కూడా ఒకటి. డేనియల్ కానమన్, ఏమోస్ ట్వర్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీనికొక పేరు పెట్టారు, ప్లానింగ్ ఫాలసీ అని. ఇలాంటి పనికి ఇదివరకు ఎంత పట్టిందో తెలిసి కూడా, ఈసారి మాత్రం త్వరగా అయిపోతుందని మనసు చెబుతుంది. దానికి వాళ్లు చూపించిన దారి కూడా ఉంది: చేయబోయే పనిని ముక్కలుగా ఊహించుకోవడం పక్కనబెట్టి, అలాంటి పనులకు నిజంగా ఎంత పట్టిందో చూడటం. కాబట్టి చెప్పండి, మీరు చివరిసారి పూర్తి చేసిన ఆడియో ఏది, ఎంత పట్టింది?

ఎర్రసిరా:
ట్రాలప్ సంగతి మొత్తం చెప్పండి మరి! ఆయన తెల్లవారుజామున ఐదున్నరకు కూర్చుని, ఉద్యోగానికి వెళ్లేముందు మూడు గంటలు రాసేవాడు. పావుగంటలు పన్నెండు, ఒకదాని వెంట ఒకటి. రోజుకు పావుగంట రాసి 47 నవలలు రాశాడన్నట్టు వినబడుతోంది మీ మాట. కాఫీ తెచ్చివ్వడానికి పనిమనిషి కూడా ఉండేవాడు ఆయనకు.

నా విషయంలో కథలోకి దిగడానికే అరగంట పడుతుంది. నిన్న ఎక్కడ ఆపాను, ఆ పాత్ర ఏ మూడ్‌లో ఉంది, ఆ వాక్యం అలా ఎందుకు రాశాను, ఇవన్నీ గుర్తు చేసుకునేసరికి పావుగంట సెషన్ అయిపోయి ఉంటుంది. నాలాంటివాళ్లకు రోజూ పావుగంట కంటే వారానికి ఒక్కసారి మూడు గంటలు నయం. "రోజూ చేయాలి" అనేది కూడా ఒక మూఢనమ్మకమే.

తక్కెడ:
మూడు గంటల మాట నిజం, ఒప్పుకుంటున్నా. పనిమనిషి విషయంలో కూడా.

చివరిపాదం:
నేను పద్యాలు రాసుకుంటాను, ఆ వైపు నుంచి ఒక మాట.

మన దగ్గర పెద్ద పనిని చిన్నగా చేసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. శతకం. వందో నూటెనిమిదో పద్యాలుంటాయి కానీ ఏ పద్యానికి ఆ పద్యం పూర్తి. ముందుది చదవకపోయినా అర్థమవుతుంది. కవి నలభైయ్యో పద్యం దగ్గర రెండేళ్లు ఆగిపోయినా ఆ నలభై పద్యాలూ సగం పనిలా మిగలవు, పద్యాలుగానే మిగులుతాయి. అదే ప్రబంధం రెండో ఆశ్వాసంలో ఆగితే చేతిలో ఏముంటుంది?

దానికి తోడు మకుటం. వేమన పద్యాలు ఎక్కువభాగం ఆటవెలదులు, నాలుగు పాదాలు. నాలుగో పాదం ముందే తయారు. అంటే కూర్చునేసరికే పద్యంలో నాలుగో వంతు అయిపోయి ఉంది! పైగా వినేవాడికి ఆ పాదం వచ్చేసరికి తెలిసినవాళ్లు కనబడినట్టుంటుంది. పని తగ్గింది, అందం పెరిగింది.

మైకుముందు గారూ, మీ ఆడియోకు మకుటం ఏంటో తేల్చుకోండి. ప్రతి కథా ఒకే వాక్యంతో మొదలవ్వొచ్చు, ఒకే ట్యూన్‌తో ముగియొచ్చు. కవర్ బొమ్మ ఒక్కటే గీసి, అంకె మాత్రం మార్చండి. ఒకసారి చేసి 30 సార్లు వాడుకునేవి ఎన్ని ఉంటే అంత మంచిది. అలాగే కథలు ఒకదానికొకటి కొనసాగింపు పెట్టకండి. సీరియల్ అయితే ఏడో భాగంలో ఆపిన రోజున ముందు ఆరూ పాడవుతాయి.

ఇంకా చిన్న కొలత కావాలనుకునేవాళ్లకు నానీలు ఉండనే ఉన్నాయి: నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. ఆ హద్దులోపల కూడా కష్టపడాలి, అది వేరే సంగతి.

అరఠావు:
పెద్ద పని మధ్యలో ఆగితే ఏమవుతుందంటే, రెండు వందల ఏళ్ల తర్వాత తిక్కన వస్తాడు.

చివరిపాదం:
హహ, కానీ నవ్వులాటలోనే మంచి విషయం దొరికింది. నన్నయ ఆపింది అరణ్యపర్వం మధ్యలో. తిక్కన అక్కడ మొదలుపెట్టలేదు, ఆ తర్వాతి విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. మిగిలిన ముక్కను తర్వాతెప్పుడో ఎర్రన పూరించాడు. ఆగిపోయిన పనిని మళ్లీ అందుకునేటప్పుడు ఆగినచోటే మొదలుపెట్టాలని ఎవరన్నారు? మీకు ఊపు వచ్చే చోటునుంచి మొదలుపెట్టండి, గ్యాప్ సంగతి తర్వాత.

మైకుముందు:
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. తక్కెడ గారు అడిగినదానికి: చివరిసారి పూర్తి చేసింది తొమ్మిది నిమిషాల కథ, ఒక్క గొంతే. రాయడం, చదవడం ఒక వారంలో అయిపోయాయి. సంగీతం మాత్రం నెల దాటింది.

తక్కెడ:
చూశారా, తొమ్మిది నిమిషాలకే నెలపైన. 25 నిమిషాలది వారంలో ఎలా అవుతుందనుకున్నారు?

అరఠావు:
సంగీతం తీసేయమని నేను ముందే చెప్పాను :)

48గంటలు:
ఆలస్యంగా వచ్చాను. అరఠావు గారూ, తొందరపడకండి. నెల పట్టింది అంటే రెండు అర్థాలుండొచ్చు. ఒకటి, ఆ పని ఆయనకు చేతకావడం లేదు. రెండు, ఆ పని వదిలి లేవబుద్ధి కావడం లేదు. రెండోదైతే దాన్ని తీసేయడం కంటే పెద్ద పొరపాటు లేదు.

నేను గేములు చేస్తాను. లూడమ్ డేర్ అని ఒక పోటీ 2002 నుంచి ఉంది. అందులో ఒంటరిగా చేసే విభాగంలో 48 గంటల్లో గేమ్ పూర్తి చేయాలి. ఇచ్చిన థీమ్ మీద, బొమ్మలు, శబ్దాలు అన్నీ ఆ గంటల్లోనే సొంతంగా చేసుకోవాలి. గడువు అంత దగ్గరగా ఉన్నప్పుడు మనిషికి తనకేది ఇష్టమో వెంటనే తెలిసిపోతుంది. నేను బొమ్మల్ని చతురస్రాలు చేసేస్తాను, కథ ఒక్క వాక్యం చేసేస్తాను. కానీ ఆ చతురస్రం గెంతి కిందికి దిగేటప్పుడు కాస్త అణిగి మళ్లీ సాగాలి, ఆ కదలిక చేతికి బాగా తగలాలి. దానికోసం గంటలు పోసేస్తాను, ఎందుకంటే నేను గేములు చేసేదే దానికోసం. అది తీసేస్తే 48 గంటలెందుకు, నాలుగు గంటల్లో అయిపోతుంది. కానీ మళ్లీ ఇంకోటి చేయాలనిపించదు.

నాకు తెలిసినంతలో సైజు తగ్గించేటప్పుడు జనం చేసేది ఏంటంటే, టైమ్ ఎక్కువ తినేదాన్ని కోసేస్తారు. చూడాల్సింది ఏది టైమ్ తింటోందని కాదు. ఏది టైమ్ తిని ఓపిక కూడా తినేస్తోంది అని. కవర్ బొమ్మ రెండు గంటలే కావొచ్చు, కానీ దాని తలనొప్పి వారమంతా ఉంటే ముందు పోవాల్సింది అదే.

చిన్న చిట్కాలు రెండు. పని మధ్యలో వచ్చే కొత్త ఐడియాలకు "తర్వాతది" అని వేరే ఫైలు పెట్టండి. నడుస్తున్న పనిలోకి మాత్రం రానివ్వకండి. రెండోది, ఉన్న టైమ్‌లో మూడో వంతు చివరి సర్దుళ్లకు వదిలేయండి. గేమ్‌లో అయితే మెనూ, వాల్యూమ్ బటన్, అనుకోని చోట నొక్కితే ఆగిపోకుండా చూసుకోవడం. ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే మాత్రం అందరూ తిడతారు. ఆడియోలో కూడా ఇలాంటివి ఉంటాయి, శబ్దశుద్ధి గారే చెప్పాలి.

మైకుముందు:
48గంటలు గారూ, రెండోదే. సంగీతం చేస్తుంటే టైమ్ తెలియదు. నిజం చెప్పాలంటే కథలు రాయడం మొదలుపెట్టిందే, చేసిన ట్యూన్లు ఎక్కడో వాడుకోవాలని. కవర్ బొమ్మలంటేనే టెన్షన్, నాకు బొమ్మలు రావు. ఎందుకు పెట్టానంటే అందరూ పెడుతున్నారని.

అరఠావు:
సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

శబ్దశుద్ధి:
అయితే లెక్క మారుతుంది. కథ ఎనిమిది నిమిషాలు, ఒక్క గొంతు. 800 మాటలు రాసి దిద్దడం రెండు గంటలు, రికార్డింగ్ అరగంట, ఎడిటింగ్ అరగంట పైచిలుకు. బొమ్మ లేదు. సంగీతానికి మాత్రం గడియారం పెట్టకండి, ఎన్ని వారాలైనా కానివ్వండి. ఆ ఒక్క ట్యూన్‌నే ఐదు కథలకు వాడుకోవచ్చు, చివరిపాదం గారి మకుటంలాగా. ఐదూ పూర్తయ్యాకే మొదటిది విడుదల చేయండి. అప్పటిదాకా ఎవరికీ చెప్పకండి, స్నేహితులకు కూడా.

సర్దుళ్ల గురించి: రికార్డింగ్ మొదలుపెట్టగానే పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా గది శబ్దాన్ని పట్టుకోండి. తర్వాత నాయిస్ తీయడానికి అదే నమూనా, మాట తీసేసినచోట పూడ్చడానికీ అదే. మైకుకు జానెడు దూరం పాటించి, కాస్త పక్కకు తిరిగి మాట్లాడితే ప, బ లు టపటపా పేలవు. వీలైతే రెండు కథలు ఒకే రోజున చదవండి. నిన్నటి గొంతు, ఇవాళ్టి గొంతు ఒకటి కావు, జలుబు ఉంటే అసలే కావు. బట్టల అల్మరా తలుపులు తీసి దాని ఎదురుగా కూర్చుని చదివితే ఖాళీ గది ప్రతిధ్వని చాలావరకు పోతుంది. ఖరీదైన సామాను గురించి ఇప్పుడే వెతక్కండి, అది కూడా పని వాయిదా వేసే పద్ధతే.

ఎర్రసిరా:
ఎనిమిది నిమిషాలు నాకింకా చిన్నగానే ఉంది. కానీ మనిషి సంగీతం కోసం చేస్తున్నాడని తెలిశాక నా వాదనకు బలం తగ్గింది. ఒకటి అడుగుతాను. ఆ 30 ఔట్‌లైన్లలో 25 నిమిషాలు నిజంగా అవసరమైన కథ ఒక్కటైనా ఉందా? కుదిస్తే చచ్చిపోయేది?

మైకుముందు:
ఒకటుంది. ఇద్దరు అక్కాచెల్లెళ్లు, ఒక పెద్దావిడ. ముగ్గురూ ఒకే గదిలో, రాత్రంతా. దాన్ని ఎనిమిది నిమిషాల్లో చెప్పలేను, ఒక్క గొంతుతో అసలే చెప్పలేను. 30లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది కూడా అదే.

బొమ్మలబండి:
మొదటి ఐదింట్లో పెట్టకండి దాన్ని. పెట్టారా, మిగతా నాలుగూ దానికోసం ఎదురుచూస్తూ ఆగిపోతాయి.

ఎర్రసిరా:
నేను తలకిందులుగా చెబుతాను. ఆ ఒక్కటే చేయండి. మిగతా 29 ఇప్పుడు అక్కర్లేదు. తేదీ ప్రకటించకుండా, వారాల గోల లేకుండా, ఒక్క కథ. ఆరు నెలలు పట్టనివ్వండి. 30 కథల పథకం కంటే అది చిన్నదే కదా?

తక్కెడ:
లెక్క ప్రకారం చిన్నదే. కాకపోతే ఆరు నెలలపాటు బయటికి ఏదీ రాదు. అది తట్టుకునే మనిషేనా అన్నది మైకుముందు గారికే తెలియాలి. నాకైతే నెలకొకటి ఏదో పూర్తయినట్టు కనబడకపోతే చేయి ఆడదు.

48గంటలు:
మధ్యేమార్గం: ఆ పెద్ద కథ ట్యూన్ ముందు చేసేయండి. అదే ట్యూన్ వాడుకుంటూ రెండు చిన్న కథలు వదలండి. వినేవాళ్ల చెవికి ట్యూన్ అలవాటవుతుంది. పెద్ద కథ వచ్చేసరికి అందులో సగం సామాను మీ దగ్గర ఉంటుంది.

మైకుముందు:
ఇది బాగుంది. ట్యూన్ సగం ఉంది కూడా. రెండు చిన్నవి, ఆ తర్వాత పెద్దది, అంతే. వారం, తేదీ ఏదీ చెప్పను. మిగతా 27 "తర్వాతది" ఫైల్లోకి.

ఒక్కటే చిక్కు. అక్కాచెల్లెళ్లలో ఒకరికి మా ఆవిడ గొంతిస్తుంది, రెండోదానికి ఆఫీసులో ఒక స్నేహితురాలు ఒప్పుకుంది. పెద్దావిడ గొంతు లేదు. డెబ్బై ఏళ్లు దాటిన గొంతు కావాలి, నటించినట్టు ఉండకూడదు.

చివరిపాదం:
మా అమ్మకు 74. పద్యం చదివితే పక్కగదిలోకి వినబడుతుంది, మరి గుసగుసలాడే సన్నివేశాలుంటే కష్టం. అడిగి చెప్పనా?

మైకుముందు:
రాత్రి సన్నివేశమండీ, సగం గుసగుసలే! అయినా అడగండి. ఆవిడ మాటలు నాలుగు నిమిషాలకు మించవు.

శబ్దశుద్ధి:
గట్టిగా మాట్లాడే గొంతు అయితే మైకును రెండు జానల దూరం జరిపితే చాలు. ఆవిడను మార్చకండి, మైకును మార్చండి.